నూట నలభై మూడు చుక్కలు

ఇంతవరకు లెక్క ఇది. పోప్‌గారు కన్నుమూసి పదహారు రోజులైంది. కొవ్వొత్తుల కొట్టు మైనపక్క తమ్ముడు కార్డినల్. పదవి దిగి, పదకొండు పెట్టెల పుస్తకాలను, ముప్పై ఒక్కేళ్ళుగా తనకు వండిపెడుతున్న వంటాయనను ముందుగా అక్క ఇంటికి పంపి, వచ్చే ఆదివారం నేనూ వస్తున్నానని చెప్పిన మనిషి. ఆ ఆదివారం అతను అక్క ఇంటి గుమ్మం ఎక్కలేదు, విమానం ఎక్కాడు. కొత్త పోప్‌ను ఎన్నుకోవడానికి ఎనభై నిండని కార్డినళ్ళందరూ వెళ్ళాలి. పోప్‌గారు పోయిన రోజుకి అతనికి ఎనభై నిండడానికి పంతొమ్మిది రోజులు తక్కువ. ఆ పెద్దాయన ఇంకో మూడు వారాలు ఓపిక పట్టి ఉంటే ఇతను ఈపాటికి మేడమీది గదిలో కిటికీ పక్కన కూర్చుని, కాఫీ చల్లారిపోయిందని వంటాయన చేత మాట పడుతూ ఉండేవాడు. మన గడియారం ప్రకారం ఇవాళ సాయంత్రం నాలుగింటికి అక్కడ ఓట్లు వేసే గది తలుపులు మూస్తారు. మూశాక లోపలివాళ్ళకు బయటి కబురు చేరదు, బయటివాళ్ళకు ఓటు కాగితాలు కాల్చిన పొగ తప్ప మరేదీ కనపడదు.

కిందటి వారం మనం మైనపక్కను కొవ్వొత్తుల కొట్లో బల్ల వెనక వదిలి వచ్చాం. వంటాయన మేడమెట్లు దిగి, చేతిలో ఒక సాసరు పట్టుకుని, "అమ్మగారూ, ఇది మీకు పనికొస్తుందేమో చూడండి" అన్నాడు.

సాసరులో ఏముందో చూసేముందు కొట్లో కూర్చున్న ఇద్దరి సంగతి చెప్పుకోవాలి. వాళ్ళక్కడ ఉండబట్టే ఆ క్షణంలో మైనపక్క అరవలేదు.

ఒకడు ప్రెస్సాయన. పక్క వీధిలో పటాలు అచ్చువేసి అమ్ముతాడు. రెండోది పేపరమ్మాయి, వార్తలు రాసేది. పొద్దుటినుంచి స్టూలు మీద కూర్చుని, కార్డినల్‌గారి అక్క నోటినుంచి ఒక్క మాటైనా రాలుతుందేమోనని చూస్తోంది. మూడుసార్లు టీ తాగింది, రెండుసార్లు సాయం చేస్తానని కొవ్వొత్తులు సర్ది లావువీ సన్నవీ కలిపేసింది.

"మా పేపరు మనిషి అక్కడ ఓట్ల గది మెట్ల దగ్గరే ఉంది అమ్మమ్మా. నేనిక్కడ రాసి పంపితే అయిదు నిమిషాల్లో ఆమె చేతిలో ఉంటుంది. కార్డినళ్ళు వరసగా నడుచుకుంటూ లోపలికి వెళ్ళేదాకా ఎవరి చెవినైనా వేయగలదు. మీరు ఏదో ఒకటి చెప్పండి" అంది పొద్దున వస్తూనే.

"ఏదో ఒకటి చెప్పడానికి ఆయన ఉన్నాడుగా" అని మైనపక్క ప్రెస్సాయన వైపు గడ్డం చూపించింది.

ప్రెస్సాయన ఆ మాటను మెచ్చుకోలుగానే తీసుకున్నాడు. "చెబుతాను రాసుకో. ఎవరు పోప్ అవుతారన్న జాబితాలో మన ఆయన మొన్న ఆరో పేరు, నిన్న అయిదో పేరు, ఇవాళ మూడో పేరు. మొదటాయన పొడుగు, నవ్వితే పటంలో బ్రహ్మాండంగా పడతాడు, కానీ సగంమందికి ఆయన పొడ గిట్టదు. రెండో ఆయనకి చదువెక్కువ. చదువెక్కువైనవాళ్ళకి ఓట్లు తక్కువ. ఇద్దరూ పట్టుబట్టి కూర్చున్నారనుకో, మూడో రోజుకి అందరికీ విసుగొస్తుంది. అప్పుడు ఒక ముసలాయన్ని కూర్చోబెడదాం, నాలుగైదేళ్ళు గడుస్తాయి, ఆ తర్వాత చూసుకుందాం అంటారు. ఆ ముసలాయన ఎవరు? అందరితో మాటామంతీ ఉన్నవాడు, జన్మలో ఎవర్నీ కాదనని వాడు. మన ఆయనే."

"ఎవర్నీ కాదనకపోవడం కూడా ఓ అర్హతేనటయ్యా?"

"అదే అసలు అర్హత అక్కా. ఇదిగో చూడు." ప్రెస్సాయన సంచిలోంచి పటం తీశాడు. కార్డినల్ మొహం కింద, కంప్యూటర్లో తొడిగించిన పోప్ తెల్లబట్టలు. "ఎన్నికైనట్టు తెల్లపొగ రాగానే అచ్చు మొదలు. వీధి వీధంతా బాగుపడుతుంది. నీ కొట్టు ముందు వరసలు నిలబడతారు. ఒక చిన్నప్పటి ఫొటో ఇచ్చావంటే మూలన అది కూడా వేస్తాను."

మైనపక్క పటాన్ని చేతిలోకి తీసుకోకుండానే చూసింది. వీధికంతటికీ అతను ఆయన, ఆమెకొక్కదానికే వాడు. రేపు ఆ బట్టల్లో పైన నిలబడి చెయ్యి ఊపితే పేరు మారుతుంది, పిలుపు మారుతుంది. చిన్నోడా అని పిలిచే మనిషికి తిరిగి పలికేవాడు ఉండడు. వారు అనాలి, వారికి అనాలి.

"వాడికి తెలుపు నప్పదు" అంది.

సరిగ్గా అప్పుడే వంటాయన సాసరు పట్టుకుని దిగాడు.

సాసరులో మైనం పొట్టు ఉంది. పాత మైనం. కొంత పసుపు తిరిగింది, కొంత నల్లబడింది, సన్నని రేకులు, గోరంత పెచ్చులు. డెబ్బై ఏళ్ళుగా మైనం చూస్తున్న మనిషికి అది ఏ గిన్నెలోదో, ఏ గోడదో చెప్పనక్కరలేదు. మైనపక్క "కొట్టు చూస్తుండండి" అని ఇద్దరికీ చెప్పి, సాసరు పుచ్చుకుని మేడ ఎక్కింది. ఎనభై నాలుగేళ్ళ మనిషి ఆ మెట్లన్నీ ఒక్క బిగిన ఎక్కడం వంటాయన అంతకుముందు చూడలేదు. వెనకాలే ఎక్కాడు.

గదిలో పదకొండు పెట్టెలు గోడవారగా ఉన్నాయి. మంచం మీద ఉతికిన దుప్పటి. కిటికీకి కొత్త అద్దం. అల్మారా తలుపు బార్లా తెరిచి ఉంది. లోపలి వైపు ముఖం కడిగినంత శుభ్రంగా ఉంది.

ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది, వాళ్ళ నాన్న నాటిది. కరిగిన మైనాన్ని అచ్చుల్లో ఒక విడత పోయగానే, వేలికంటుకున్న మైనాన్ని పక్క గోడకు ఒక చుక్కగా అద్దుతారు. సాయంత్రం చుక్కలు లెక్కపెడితే ఎన్ని విడతలు పోశారో తేలుతుంది. మర్నాడు పొద్దున వాటిని గీకి, తిరిగి గిన్నెలో వేసి కొత్త లెక్క మొదలుపెడతారు. గోడ మీది చుక్క ఒక్క రాత్రికి మించి ఉండదు. ఉండిపోయిన చుక్కలు ఇంటి మొత్తం మీద ఈ అల్మారా తలుపు వెనక ఉన్నవే.

"ఏం చేశావయ్యా?" అంది మైనపక్క. గొంతు పెరగలేదు.

"తుడిచానమ్మా. తలుపంతా మైనం మరకలు. అయ్యగారి బట్టలకు అంటుకుంటాయని గరిటె అంచుతో మెల్లగా గీకాను. రంగు కూడా పోలేదు చూడండి. మైనం కదా, పారేస్తే మీరు ఊరుకోరని ఎత్తి ఉంచాను."

"మరకలు కావవి."

వంటాయన తలుపును, ఆమెను మార్చి మార్చి చూశాడు.

"వాడు ఈ ఇంట్లో పడుకున్న రాత్రులు" అంది. "పద్నాలుగో ఏట వెళ్ళాడు. తర్వాత ఎప్పుడు వచ్చినా, పడుకున్నాక నేనొచ్చి ఒక చుక్క పెట్టి పోయేదాన్ని. ఒక్కోసారి ఒకటి, ఒక్కోసారి రెండు. అమ్మ పోయినప్పుడు అయిదు. రెండేళ్ళు వరసగా ఒక్కటీ లేదు."

"ఎన్నమ్మా మొత్తం?"

"నూట నలభై మూడు."

"అరవై ఆరేళ్ళకా?"

"అరవై ఆరేళ్ళకే."

వంటాయన పుస్తకాల పెట్టె మీద కూలబడ్డాడు. ఆమె నిలబడి ఉండగా అతను కూర్చోవడం అదే మొదటిసారి. కాసేపు తన అరచేతులు చూసుకున్నాడు. గోళ్ళలో ఇంకా మైనం ఉంది.

"నావి పదకొండు వేలు దాటుతాయమ్మా" అన్నాడు చివరికి. "అన్ని రాత్రులూ ఆయన తిన్నారో లేదో చూసుకున్నాకే నేను పడుకున్నాను. నాకు ఇలాంటిది తట్టనే లేదు. నేనూ ఎక్కడో ఒకచోట పెట్టుకుని ఉండాల్సింది."

"నువ్వు పెట్టుకున్నా పొద్దున లేచి గీకేసేవాడివి."

అతను నవ్వబోయాడు. అది నవ్వుగా బయటికి రాలేదు. లేచి, తన ట్రంకుపెట్టె తెరిచి, మడిచిన చొక్కాల అడుగునుంచి ఒక కవరు తీసి మంచం మీద పెట్టాడు.

"ఇది ఎవరికీ చెప్పనని అయ్యగారు నా చేత పుస్తకం మీద చెయ్యి వేయించి ప్రమాణం చేయించారు. చెప్పను. చూపించనని మాత్రం ప్రమాణం చేయలేదు." అని కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు.

కవరులో డాక్టరు రాసిన కాగితం. సగం మాటలు ఆమెకు తెలియనివి. తెలిసినవి చాలు. గుండె. ఆపరేషనుకు తట్టుకోదు. ప్రయాణాలు, ఒత్తిడి కూడదు. ఒక ఏడాది. ఒకచోట నెమ్మదిగా కూర్చుంటే ఏడాదిన్నర. కింద తారీఖు చూసింది. పదవి దిగడానికి నెల ముందుది.

"ఇది తెలిసే వెళ్ళాడా?"

"పిలిచారు, వెళ్ళారు. ఆయన సంగతి నాకంటే మీకే తెలియాలి."

తెలుసు. వాళ్ళ నాన్న ఈ కొట్లో కూర్చోబెట్టిన మొదటి రోజునుంచే తెలుసు. తొమ్మిదేళ్ళవాడు బల్ల వెనక నిలబడితే వచ్చినవాళ్ళందరికీ పండగ. డజనుకు ఒకటి కొసరు అంటే రెండు ఇచ్చేవాడు. మళ్ళీ ఇస్తానని పట్టుకెళ్ళినవాళ్ళను పేరు కూడా అడిగేవాడు కాదు. కాదనాలన్న సంగతి వాడికీ తెలుసు, నోరే పెగిలేది కాదు. మరీ ఇరకాటంలో పడ్డప్పుడు లోపలిగది వైపు తిరిగి ఒకే మాట అనేవాడు: "అక్కా, ఒకసారి రా." ఆమె తడిచేతులు తుడుచుకుంటూ వచ్చి, వాడి పక్కన నిలబడి, "కుదరదండీ" అనేది. అంతే, గండం గడిచేది. వాడి బదులు కాదనడం ఆమె పని. వాడి మంచి పేరు వాడికి మిగిలేది, గయ్యాళి అన్న పేరు ఆమెకు. ఆ పంపకం ఇద్దరికీ నచ్చింది.

వాడికి పద్నాలుగేళ్ళప్పుడు సెమినరీనుంచి ఒక ఫాదరుగారు వచ్చారు. మంచి మనిషి. మీ అబ్బాయిని మాకివ్వండి, చదివిస్తాం, దేవుడి పనికి పనికొస్తాడు అన్నారు. నాన్న తల ఊపాడు. అమ్మ కళ్ళు తుడుచుకుంది. ఫాదరుగారు వాడినే అడిగారు, వస్తావా బాబూ అని. వాడు వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు. లోపలిగది వైపు తిరిగి, "అక్కా, ఒకసారి రా" అన్నాడు.

ఆమె లోపల వత్తులు కత్తిరిస్తోంది. విన్నది. పద్దెనిమిదేళ్ళ పిల్ల, అప్పటికే అన్నీ తూకం వేసి చూసే బుద్ధి. వీడు ఈ కొట్లో ఉంటే జన్మంతా మోసపోతాడు, అక్కడ పెద్దవాడవుతాడు, బేరం మంచిదే అనుకుంది. కత్తెర ఆపలేదు. ఆ ఒక్కసారి వెళ్ళలేదు. వాడు కాసేపు ఎదురు చూసి, ఫాదరుగారితో సరే అన్నాడు.

బేరం మంచిదే. వాడు కార్డినల్ అయ్యాడు. కానీ మంచి బేరం చేసిన మనిషి రాత్రిపూట అల్మారా తలుపు వెనక చుక్కలు పెట్టుకుంటూ తిరగదు.

మైనపక్క మంచం అంచున కూర్చుంది. కాగితం ఒళ్ళో, సాసరు పక్కన. ఏడాదికి రాత్రులు మూడు వందల అరవై అయిదు. నెమ్మదిగా ఒకచోట కూర్చోబెడితే అయిదు వందల నలభై పైచిలుకు. అరవై ఆరేళ్ళలో చేతికి దొరికినదానికి దాదాపు నాలుగింతలు. ఈ గదిలో, ఈ కిటికీ పక్కన. అక్కడ ఆ కుర్చీలో కూర్చోబెడితే ఒక్కటీ ఆమెది కాదు. మనిషి బతుకును కొవ్వొత్తితో పోల్చి మాట్లాడేవాళ్ళంటే ఆమెకు మొదటినుంచీ చిరాకు. కొవ్వొత్తి ఎన్ని గంటలు కాలుతుందో తను చెప్పగలదు, చెప్పినన్ని గంటలూ కాలుతుంది. మనిషి విషయంలో ఆ పూచీ ఎవరిస్తారు?

తక్కెడ రెండో తట్టలో ఏముందో కూడా చూసింది. కింద స్టూలు మీద ఒక అమ్మాయి ఉంది. ఆ అమ్మాయికి ఈ కాగితం ఇస్తే అయిదు నిమిషాల్లో అక్కడ మెట్ల దగ్గర అందరి నోటా పడుతుంది. కార్డినళ్ళకు కావలసింది ముసలివాడు, రోగి కాదు. ఏడాది తిరక్కుండా మళ్ళీ పెట్టెలు సర్దుకుని వచ్చి తలుపులు మూసుకోవాలని ఎవరికుంటుంది? వాడి పేరు మూడోచోటునుంచి ఎగిరిపోతుంది. వాడు ఇంటికొస్తాడు. కానీ వాడు పుస్తకం మీద ప్రమాణం చేయించి మరీ దాచిన సంగతిని సొంత అక్కే సంతలో పెట్టిందని కూడా తెలిసే వస్తాడు. గదిలో మనిషి ఉండి, ఆ మనిషికి తనతో మాట లేకపోతే ఆ రాత్రులకు చుక్కలు ఏ చేత్తో పెట్టాలి?

"నన్నేం చేయమంటావు?" అంది.

"వంటకి ఉప్పు ఎంతో అడగండమ్మా, చెబుతాను" అన్నాడు వంటాయన, అటే తిరిగి.

ఆమె కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, నడుముకు కట్టుకున్న పనిగుడ్డ జేబులో వేసుకుని కిందికి దిగింది. గోడ గడియారం మూడూ పది చూపిస్తోంది. అలవాటు ఎక్కడికి పోతుంది, సాసరులోని పొట్టును అరచేతిలో నలిపి ఉండచేసి, చిన్న తక్కెడలో వేసింది. నిమ్మకాయంత కూడా లేదు. నలభై మూడు గ్రాములు. సన్నని వత్తి వేస్తే ఆరు గంటలు కాలుతుంది. అరవై ఆరేళ్ళ రాత్రులు, ఆరు గంటలు.

"ఏంటమ్మమ్మా అది?" అంది పేపరమ్మాయి.

"పాత సరుకు."

"అక్కా, ఫొటో తెచ్చావా?" అన్నాడు ప్రెస్సాయన.

జవాబు చెప్పేలోగా బల్ల మీది ఫోన్ మోగింది. ఆ నంబరునుంచి పదమూడు రోజులుగా రాని ఫోన్.

"అక్కా, నేనే. లోపలికి వెళ్ళేముందు ఫోన్లు ఇచ్చేయాలి. వరసలో నిలబడ్డాను. నా వంతు వచ్చేదాకా మాట్లాడుకోవచ్చు."

"తిన్నావా?"

"తిన్నాను. మన వంటాయన చెయ్యి కాదు కదా, తిన్నానని చెప్పాలంతే." గొంతు నవ్వుతోంది. మధ్యలో ఆగి ఊపిరి తీసుకోవడం ఆమెకు ఇప్పుడు వినిపించింది. ఇన్నాళ్ళూ వయసు అనుకుంది. "గది ఎలా ఉంది?"

"నీ పుస్తకాలకే సరిపోయింది. నువ్వు మెట్ల మీద పడుకోవాలి."

"పడుకుంటాను. అక్కా, అల్మారా తలుపు మీద చుక్కలు అలాగే ఉన్నాయా?"

మైనపక్క బల్ల అంచు పట్టుకుంది.

"నీకెలా తెలుసురా?"

"మొదటిసారి వచ్చినప్పుడే చూశాను. నాకు చెప్పలేదు కదా అని నేనూ అడగలేదు. ఓసారి నువ్వు జ్వరంతో లేవలేకపోతే ఆ రాత్రిది నేనే పెట్టాను. నాకు చుక్క పెట్టడం ఎప్పుడు కుదిరింది, వంకర పోయింది. మూడో వరసలో ఉంటుంది చూడు, తోకతో."

తోక ఉన్న చుక్క. ముప్పై ఏళ్ళుగా దాన్ని చూస్తోంది. జ్వరంలో తన వేలే జారిందనుకుంది. తక్కెడలోని ఉండ వైపు చూసింది.

"ఉంది" అంది. "ఉందిరా చిన్నోడా. నా కళ్ళముందే ఉంది."

అవతల ఎవరో ఏదో భాషలో పిలిచారు. అతను ఏదో జవాబిచ్చాడు, మర్యాదగా, నవ్వుతూ. ఆ నవ్వు ఆమెకు తెలుసు. డజనుకు రెండు కొసరు ఇచ్చే నవ్వు.

"ఇక్కడ భోజనాల దగ్గర నా పక్క కుర్చీ ఖాళీగా ఉండడం లేదక్కా. ఒకరు లేస్తే ఒకరు కూర్చుంటున్నారు. అందరూ మంచివాళ్ళే. అందరూ ఒకటే అడుగుతున్నారు, మేమందరం కలిసి అడిగితే కాదనవు కదా అని."

"నువ్వేమన్నావు?"

"ఏమంటాను."

ప్రెస్సాయన చేతులు జోడించి ఎవరు, ఆయనేనా అని సైగ చేస్తున్నాడు. పేపరమ్మాయి పెన్ను మూత తీసింది. మెట్ల మీద వంటాయన నిలబడిపోయాడు.

"నా వంతు వచ్చింది" అన్నాడు తమ్ముడు. ఫోన్ చెవికి దూరమవుతున్నట్టు గొంతు పల్చబడింది. మళ్ళీ ఒక్కసారి దగ్గరైంది. ఎనభై ఏళ్ళవాడి గొంతు కాదది.

"అక్కా, ఒకసారి రా."

ఫోన్ ఆగిపోయింది.

"ఏమన్నారక్కా? మనకేనా?" అన్నాడు ప్రెస్సాయన, తెల్లబట్టల పటాన్ని గుండెకు ఆనించుకుని.

మైనపక్క ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టింది. మూడూ ఇరవై. చేతులు పనిగుడ్డకు తుడుచుకుంది, ఆ రెండు చేతులూ పొడిగానే ఉన్నా.

"అమ్మాయ్, ఇక్కడ రాస్తే అయిదు నిమిషాల్లో అక్కడ ఉంటుందన్నావు. నిజమేనా?"

"నిజమే అమ్మమ్మా."

ఆమె జేబులో చెయ్యి పెట్టుకుని, బల్ల చుట్టూ తిరిగి, స్టూలు దగ్గరికి వచ్చింది.

"అయితే రాసుకో. కుదరదు అని మొదలుపెట్టు."